తొలి చాకు

సీమలో కత్తి అన్న మాట వినబడగానే పెద్దలకు భయం, కుర్రవాళ్ళకు మోజు కలుగుతున్నవి. పల్లెల కక్షలు కొంత, ఆ కక్షలను వెండితెరకెక్కించి సొమ్ము చేసుకొన్న చిత్రాలు మరికొంత ఇందుకు కారణం. ఇట్టిచోట కొడుకో కూతురో చాకు కావాలని అడిగినప్పుడు తల్లిదండ్రులు వెనుకాడడం సహజమే. ఆ భయం అర్థం లేనిది కాదు. ఐతే ఆ భయంతో పనిముట్టునూ ఆయుధాన్నీ ఒకే గాట కట్టడం పిల్లలకు మేలు చేయదు. ఆ రెండింటికీ గల భేదాన్ని వారి చేతులకే తెలియజేయగల వస్తువు ఒకటి ఉన్నది. అది పాతకాలపు మడత చాకు.

మీట నొక్కినంతనే తెరుచుకొనే కత్తి తొందరపడే చేతికోసం పుట్టినది. మడత చాకు సంగతి వేరు. దాని అలుగుమీద గోరు పట్టేపాటి చిన్న గాడి ఉంటుంది. ఒక చేతితో పిడి పట్టుకొని, రెండవ చేతి బొటనవేలి గోరు ఆ గాడిలో ఆనించి లాగితేగాని అలుగు పైకి రాదు. పిడి వెన్నులోని ఉక్కుబద్ద దానిని బిగబట్టి ఉంచుతుంది. దానిని తెరవడానికి రెండు చేతులూ, కొంత నిదానమూ కావలె. తొలి చాకును ఎన్నుకొనేటప్పుడు మొట్టమొదట చూడవలసిన గుణం ఇదే. ఇంగ్లీషులో చిన్న చాకుకు ‘పెన్ నైఫ్’ అని పేరు. ‘పెన్’ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి ఈక అని అర్థం. ఈక కలాల మొనలు చెక్కుకొనడానికి పండితులు వాడుకొన్న పరికరం గనుక దానికి ఆ పేరు వచ్చినది.

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది తడితోనూ, బోరు నీటితోనూ రైతులు చీనీతోటలు నిలుపుకొంటున్నారు. ఆ తోటలకు మొదలు ఒక చిన్న చాకు. నారుమడిలో జంబేరినో, రంగపూర్ నిమ్మనో పెంచి, దాని కాండంమీద అడ్డంగా ఒక గాటు, దాని నడుమనుంచి కిందికి మరొక గాటు పెడతారు. సాతుగుడి చీనీ కొమ్మనుంచి ఒక మొగ్గను డాలు ఆకారంలో పలుచగా చెక్కి, ఆ బెరడు సందున దూర్చి కట్టు కడతారు. చాకు మొద్దుబారినదైతే బెరడు చిరుగుతుంది, పచ్చిపొర నలుగుతుంది, మొగ్గ ఎండిపోతుంది. కత్తి తెగనరికేదని మాత్రమే విన్న పిల్లవానికి అదే కత్తి రెండు చెట్లను ఒకటి చేయడం చూపించిన ఉపాధ్యాయుడు మరువరాని పాఠం చెప్పినవాడవుతాడు.

విద్యావేత్తలు ఈ విషయం ఏనాడో గ్రహించినారు. ఫిన్లాండులో 1866లోనే బాలుర ప్రాథమిక విద్యలో చేతిపని భాగమైనది. స్వీడన్‌లో ఉపాధ్యాయులకు చేతిపని నేర్పిన ఓట్టో సాలమన్ తన కొయ్యపని పాఠాలను కత్తితోనే మొదలుపెట్టినాడు. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధా సభలో చేతివృత్తి ద్వారా విద్య నేర్పవలెనన్నారు. ఇందుకు విరుద్ధమైన దారి జపాను తొక్కినది. అక్కడి బడిపిల్లలు ఒకప్పుడు ‘హిగొనొకామి’ అనే మడత చాకుతో పెన్సిళ్ళు చెక్కుకొనేవారు. 1960 అక్టోబరులో టోక్యో సభలో సోషలిస్టు నాయకుడు అసనుమాను 17 ఏళ్ళ కుర్రవాడు పొట్టి ఖడ్గంతో పొడిచి చంపినాడు. ఆ పిమ్మట పిల్లల చేతిలో కత్తి ఉండరాదన్న ఉద్యమం బయలుదేరినది. నేరం ఖడ్గానిది, శిక్ష చాకుకు పడినది. సీమలో మనం చేస్తున్నదీ అదే.

ఇక ఎన్నిక సంగతి. అలుగు నిడివి రెండున్నర అంగుళాలు చాలు, మూడు మించరాదు. తెరిచి పట్టుకొన్నప్పుడు అలుగు అటూ ఇటూ ఊగరాదు. మూసినప్పుడు పిడి పక్కలను ఒరుసుకోకుండా నడిమధ్య కూర్చోవలె. వెన్నుబద్ద మరీ వదులైతే అలుగు వేళ్ళమీదికి ముడుచుకొంటుంది. మరీ బిగువైతే గోరు విరుగుతుంది. కనుక డబ్బు ఇచ్చేది తండ్రియైనా, అంగడిలో తెరిచి చూడవలసినది పిల్లవాడే. మామూలు ఉక్కు సానరాతిమీద సులువుగా పదునెక్కుతుంది గాని, చీనీరసం, చింతపులుసు తగిలితే నల్లబడుతుంది. తుడవకపోతే తుప్పు పడుతుంది. ఆ లోపమే తొలి చాకుకు అలంకారం, పని ముగియగానే తుడిచిపెట్టే అలవాటు పిల్లలకు దానివల్లనే అబ్బుతుంది. మన ఎర్రదుమ్ము కీలులో చేరకుండా అప్పుడప్పుడు దులిపి, చుక్క నూనె వేయడం కూడా వారే నేర్చుకోవలె.

జొన్నదంటు బెండుతో బండి కట్టడం, వేపపుల్ల చెక్కడం, పెన్సిలు మొన తీయడం తొలి పాఠాలుగా చాలు. వాదర ఎప్పుడూ ఒంటికి దూరంగా సాగవలె. మొనతో పొడవడం, తవ్వడం ఈ చాకు పని కాదు. పదును తగ్గిన చాకుకు బలం ఎక్కువ కావలె, బలం ఎక్కువైనచోటనే చెయ్యి జారుతుంది. బడికి జేబులో పెట్టుకొని రావడం తగదు. చేతిపని గంటలో ఉపాధ్యాయుడు అలమరనుంచి లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవలె.

చాకు ఇవ్వనంత మాత్రాన పిల్లలకు కత్తిమీది మోజు పోదు. వెండితెర నేర్పినదే వారికి తెలిసిన విద్య అవుతుంది. వచ్చే తిరునాళ్ళలో చాకుల అంగడి ముందు పిల్లవాడు ఆగినప్పుడు, పెద్దలు చెయ్యి పట్టి లాక్కుపోకుండా అంగడివానిని ఒక్క ప్రశ్న అడగవలె: దీనిని తెరవడానికి రెండు చేతులు కావలెనా, ఒకటి చాలునా?