సెన్సార్ సాక్షి మాత్రమే

కారు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ వెలుగుతుంది. మెకానిక్కు స్కానర్ తగిలిస్తాడు. తెరమీద ‘ఆక్సిజన్ సెన్సార్’ అన్న మాట కనపడగానే “సెన్సార్ పోయిందండీ, మార్చాలి” అంటాడు. ఈ తొందరపాటు వైద్యం తప్పని నా అభిప్రాయం.

ఆ సెన్సార్ పనితీరు మన కెమిస్ట్రీ పాఠమే. ఇంజను నుంచి సైలెన్సర్‌కు పోయే గొట్టంలో బిగించిన జిర్కోనియా పింగాణీకి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి ఉంటాయి. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే దాని గుండా ఆక్సిజన్ అయాన్లు కదుల్తాయి. రెండువైపులా ఆక్సిజన్‌లో తేడా పెరిగితే వోల్టేజి పెరుగుతుంది. మనం మార్కుల కోసం బట్టీపట్టే నెర్న్‌స్ట్ సమీకరణం ఇదే! పెట్రోలు ఎక్కువైతే పొగలో ఆక్సిజన్ మిగలదు, వోల్టేజి 0.9 దాకా లేస్తుంది. గాలి ఎక్కువైతే 0.1కి పడుతుంది. దాన్ని చూసి కంప్యూటరు 14.7 కిలోల గాలికి కిలో పెట్రోలు చొప్పున సరిచేస్తుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ ఏర్పాటు, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 వచ్చాక మన మోటారు సైకిళ్లు చాలావాటిలోకీ దిగింది.

అయితే సెన్సార్‌కు పెట్రోలు సంగతి తెలీదు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ప్లగ్గు సరిగా మండించక పెట్రోలు వృథాగా పోతున్నా, పొగలో ఆక్సిజన్ మిగిలింది గనుక ‘గాలి ఎక్కువ’ అనే చెబుతుంది. మా ఊళ్లో కారు అద్దెకు తిప్పే అన్న ఒకాయన ఏడాదిలో రెండు సెన్సార్లు కొన్నాడు. చివరికి చూస్తే, సెన్సార్‌కు ముందు గొట్టానికి సన్నని పగులు! అందులోంచి బయటి గాలి దూరుతోంది. సెన్సార్ నిజమే చెప్పింది. డబ్బు పోయింది మాత్రం ఆయనది.

సెన్సార్ చావదని నేననను. మసిపట్టి, ఆయిలు పొగ తగిలి మందగిస్తుంది. కాని అది తేల్చుకోవడానికి మల్టీమీటరు చాలు. వేడెక్కిన ఇంజను నడుస్తుండగా వోల్టేజి 0.1, 0.9 మధ్య చకచకా ఊగుతుంటే సెన్సార్ బతికే ఉంది. ఒకచోటే నిలిస్తే యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి చూడాలి. అప్పుడు పైకి లేచిందంటే లోపం మరెక్కడో వెతకాలి. మిరపతోటలో ఆకు పండుబారితే అనుభవమున్న రైతు వెంటనే మందు డబ్బా ఎత్తుకోడు, మొక్క పీకి వేరు చూస్తాడు. ఆ ఓపిక షెడ్డులోనూ కావాలి.

మన లెక్చరర్లకు ఒక మనవి. పాత సామాన్ల కొట్టులో దొరికే సెన్సార్ ఒకటి ల్యాబుకు తెప్పించండి. గ్యాసు మంటలో పెడితే మీటరు లేస్తుంది, తీస్తే పడుతుంది. నెర్న్‌స్ట్‌ను అలా కళ్లారా చూసిన విద్యార్థి, రేపు తన ఊరివాడి జేబు కాపాడగలడు.