ఫోనునకు పని చెప్పుట

సోదరీమణులలో సెల్‌ఫోను లేనివారు నేడు అరుదు. అయినను వేళకు పనిని జ్ఞప్తి చేయు శక్తి దానియందు కలదని యెఱిగియు, తెల్లవారుజామున లేచుటకు ఒక అలారము పెట్టుకొనుటతో పలువురు తృప్తి పడుచున్నారు. అత్తగారి మందులు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు గడువు, ఇవి యన్నియు ఇల్లాలి తలలోనే తిరుగుచుండును. ఈ బరువులో కొంత ఫోను మీదికి దింపు విధమును ఈ మాసమున ముచ్చటింతము.

అన్నిటికంటె ముఖ్యము మందు. థైరాయిడు మాత్రను పరగడుపున వేసికొని, కాఫీకి అరగంట మొదలు గంట వఱకు ఆగవలెను గదా. ఐదున్నరకు మాత్రకొక అలారము, ఆరున్నరకు కాఫీకొక అలారము పెట్టిన, నిద్రమత్తులో లెక్క చూచుకొను బాధ తప్పును. అలారమునకు పేరు వ్రాయు చోటు కలదు. అచట ఉత్త "మందు" అని వ్రాయక, ఎవరికి, ఏది, ఎన్ని యని వ్రాయవలెను. క్యాలెండరు యాప్ ఒక్కమాఱు చిన్న శబ్దము చేసి యూరకుండును. గడియారము యాప్‌లోని అలారము లేచి ఆపువఱకో, చాలసేపటి వఱకో మ్రోగును. కావున మందునకు అలారమే తగినది. మాత్ర మ్రింగిన పిదపనే దానిని ఆపవలెను. ముందు ఆపి, పిదప వేసికొందమనుకొన్నవారు వేసికొంటిమో లేదో తెలియక తికమక పడుట మేము తఱచు చూచుచున్నాము.

పెట్టిన అలారము మ్రోగలేదని కొందఱు ఫోనును నిందింతురు. దీనికొక కారణము కలదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలుకొని, కదల్చక పెట్టిన ఫోను బ్యాటరీ ఆదా కొఱకు యాప్‌లను నిద్రపుచ్చి, వాని పనులను కొంతసేపటికొకసారి కూడగట్టి చేయును. ఫోనుతో వచ్చిన గడియారమునకు ఈ చిక్కు లేదు. వేఱుగా దింపుకొన్న మందుల యాప్‌లకే ఆలస్యము సంభవించును. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుండి, సరిగా ఆ నిమిషమునకే మ్రోగుటకు యాప్‌నకు ప్రత్యేకానుమతి యుండవలెనను నియమము కూడ వచ్చినది. సెట్టింగులలో ఆ యనుమతి నిచ్చి, బ్యాటరీ విషయమున ఆ యాప్‌నకు ఆంక్ష తొలగింపవలెను. పరీక్షించుటకు రెండు నిమిషముల గడువు చాలదు. గంట తరువాతికి పెట్టి, ఫోనును బల్లమీద ముట్టక యుంచి చూడుడు. పూర్తిగా ఆపివేసిన ఫోను సాధారణముగా మ్రోగదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మన యిండ్లకే చెందిన చిక్కొకటి. మామగారి ఆబ్దికమును "ప్రతి సంవత్సరము" అని యాప్‌లో పెట్టిన, అది ఇంగ్లీషు తేదీనే పట్టుకొని మ్రోగును. తిథి యట్లుండదు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే. ఏటికి పదునొకండు దినములు ముందునకు జరుగును. 2023లో అధిక శ్రావణము వచ్చినట్లు, అధికమాసము వచ్చినపుడు మరల వెనుకకు పోవును. కావున ఉగాదికి క్రొత్త పంచాంగము రాగానే, ఆ యేటి ఆబ్దికములను, వ్రతములను తేదీలతో వ్రాసికొని, పునరావృత్తి లేకుండ ఒక్కొక్కటిగ నెక్కింపవలెను. పది దినముల ముందొకటి, పురోహితునకు కబురంపుటకు, ముందునాడొకటి, సరకులకు.

అమ్మాయి న్యూయార్కులో నున్నదనుకొందము. ఆమెకు ఉదయము ఏడు గంటలైనపుడు మనకు వేసవిలో సాయంత్రము నాలుగున్నర. నవంబరు మొదటి ఆదివారము నుండి ఐదున్నర. మార్చి రెండవ ఆదివారమునకు మరల నాలుగున్నర. ఇచట క్యాలెండరే మేలు. అందు న్యూయార్కు కాలమునెంచుకొని ఏడు గంటలని వ్రాసిన, మార్పును అదియే చూచుకొనును.

కడపట నొక మాట. భర్తగారి రక్తపోటు మాత్రకు అలారము భార్య ఫోనులో మ్రోగుట మేము అనేక గృహములలో వినుచున్నాము. చేతికి పిండి యంటిన వేళ అది మ్రోగును; ఆమె చేయి కడిగికొని, మాత్రయు నీళ్లును పట్టుకొని హాలులోనికి పోవును. మేము దీనినంగీకరింపము. కదలలేని వృద్ధుల సంగతి వేఱు. చదువుకొని యుద్యోగము చేయువారి అలారము వారి ఫోనులోనే యుండవలెను. "ఏమే, ఏదో మ్రోగుచున్నది!" అని హాలులోనుండి కేక వినవచ్చినను, వంటయింటిలోనివారు కదలనక్కఱలేదు.