లైను అమ్మి పగ్గం పట్టుకుంటారా?

నష్టం పేరుతో పట్టాలు పీకేస్తే దెబ్బ తగిలేది కంపెనీ ఖాతాకు కాదు, ఆ దారి పొడవునా ఉన్న ఊళ్ల బతుక్కి. అమెరికాలో దివాలా తీసిన రాక్ ఐలాండ్ రైల్వే 1980లో మూతపడింది. అది వదిలిన పట్టాల మీదే, మక్కలు పండే అయోవా రాష్ట్రంలో, 1984లో అయోవా ఇంటర్‌స్టేట్ అనే చిన్న కంపెనీ గూడ్సు బండ్లు నడిపింది. తర్వాత మక్కల నుంచి తీసే ఇథనాల్ దానికి ముఖ్యమైన సరుకైంది.

ఇందులో మాయేం లేదు. పెద్ద కంపెనీకి వంద వ్యాగన్ల బండి నిండాలి. చిన్న కంపెనీ మూడు వ్యాగన్ల సరుకున్నా గోదాము గడప తొక్కుతుంది. ఏ రోజు కావాలో అడిగి వ్యాగన్ పెడుతుంది. పట్టాలు లేని ఫ్యాక్టరీకి లారీ నుంచి వ్యాగన్‌లోకి ఎక్కించే చోటు చూపిస్తుంది. పోగైన వ్యాగన్లను పెద్ద లైనుకు అప్పగిస్తుంది. తక్కువ సిబ్బందితో నడుపుతుంది (మాకు గుచ్చుకునేది ఇదే). ఇలాంటి కంపెనీలు అక్కడ ఇప్పుడు దాదాపు 600.

మరి పెద్దల పెత్తనం పోయిందా? లైను ఇచ్చేటప్పుడే చాలాచోట్ల మెలిక పెట్టారు: వ్యాగన్లు మాకే అప్పగించాలి, పక్క కంపెనీకి ఇవ్వొద్దు! పాత పట్టాలేమో 130 టన్నుల వ్యాగన్‌ను మోయలేవు. వాటి మరమ్మతుకు 2004లో పన్ను రాయితీ ఇచ్చారు, 2020లో శాశ్వతం చేశారు. ప్రజల సొమ్ముతో బాగుపడ్డ పట్టాల మీద ఆ మెలికలు ఇంకా సాగడాన్ని మేం ఒప్పుకోం.