మోనాలిసా కంటే ముందు అమరావతి

జూన్ నెలాఖరులో బడులకు సెలవులివ్వగానే రెడ్‌మండ్‌లోని తెలుగు ఇళ్లలో సూట్‌కేసులు తూచుకోవడం మొదలవుతుంది. సియాటిల్ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. ఎలాగూ దిగుతున్నాం కదా అని లండన్‌లో మూడు రోజులు ఆగే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. లండన్ ఐ ఎక్కడం, మైనపు బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగడం, రాజభవనం గేటు ముందు ఇంకో ఫొటో, ఓపికుంటే రైలెక్కి పారిస్ వెళ్లి మోనాలిసాని చూసి రావడం. తిరిగొచ్చాక పాట్‌లక్ భోజనాల్లో చెప్పుకునే కబుర్లు ఇంచుమించు ఇవే.

ఇందులో తప్పేమీ లేదు. మోనాలిసా చూడదగ్గదే. కాకపోతే అది 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న పటం. పిల్లలకు అక్కడ ఎక్కువగా కనిపించేది ముందు నిలబడ్డవాళ్ల సెల్‌ఫోన్లే. అంత శ్రమపడి ఆ పటం దాకా వెళ్లే మనం, దారిలోనే ఉన్న మన ఊరి రాళ్లను చూడకుండా వచ్చేస్తున్నాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మన పెరటి చెట్టును పెకలించి లండన్‌లో నాటినా మనకు అది మందుగా కనబడటం లేదు.

మేము చెబుతున్నది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఎ నంబరు గది గురించి. పల్నాడు జిల్లా అమరావతిలో, కృష్ణ ఒడ్డున ఉండిన మహాస్తూపం తాలూకు శిల్పాలు ఆ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. వాటికోసం 1992లో ప్రత్యేకంగా ఆ గ్యాలరీ తెరిచారు. అంతకుముందు చాలా ఏళ్లు అవి నేలమాళిగలో ఉన్నాయి. ఇంగ్లీషులో వాటిని అమరావతి మార్బుల్స్ అంటారు గానీ అది పాలరాయి కాదు, మన పలనాటి సున్నపురాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటికే మొదలైన ఆ స్తూపాన్ని శాతవాహనుల కాలంలో పెంచి, చెక్కి, అలంకరించారు. దాని అడుగుభాగం వ్యాసం దాదాపు 50 మీటర్లు. ఇవాళ అమరావతికి వెళితే కనిపించేది మాత్రం ఎత్తు తక్కువ దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు.

మరి ఆ రాళ్లు థేమ్స్ నది దాకా ఎలా వెళ్లాయి? 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తూ, దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను తవ్వించారు. అక్కడి రాళ్లు కట్టడాలకు పోయాయి. కొన్ని కాలి సున్నమయ్యాయి. 1798 ప్రాంతంలో ఈ సంగతి విని కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి చిత్రకారుల చేత ఒక్కొక్క శిల్పానికీ బొమ్మలు గీయించాడు. ఇవాళ మనకు స్తూపం గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ బొమ్మల వల్లే తెలిసింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్చాడు. వాటిలో 100కి పైగా 1859లో ఓడెక్కాయి. లండన్‌లో వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడి కంటబడేనాటికి ఒక గుర్రపుబండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఈ కథ వినగానే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. "దోచుకుపోయిన సొమ్ము చూడటానికి మనం వెళ్లి చప్పట్లు కొట్టాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. పరాయి పాలనలో, ఊరివాళ్లను అడగకుండా తరలించిన వస్తువులు అవి. వాటిని తిరిగి ఇవ్వాలా వద్దా అనే చర్చ జరగవలసిందే. అయితే ఆ చర్చలో మాట్లాడాలంటే ముందు ఆ రాళ్లేమిటో మనకు తెలియాలి. ఒక ఉదాహరణ చెబుతాం. ప్రకాశం జిల్లా చందవరంలో ఒక బౌద్ధ శిల్పం దొంగలపాలై, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుగోలులో తేలింది. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటోలు దొరకడం వల్ల అసలు సంగతి బయటపడింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని మన దేశానికి తిరిగి అప్పగించింది. ఎవరో ఒకరు గుర్తుపట్టారు కాబట్టే అది ఇంటిదారి పట్టింది. గుర్తుపట్టలేని వస్తువును మాది అని అడగడం ఎవరివల్లా కాదు. పైగా అమరావతి కథలో దోషం ఒక్క దొరలదే అని పిల్లలకు చెబితే అది సగం నిజమే అవుతుంది. గునపం వేసిన చేతులు మనవే. రెండూ చెప్పాలి.

ఇక రెండో అభ్యంతరం, పిల్లలకు విసుగు అని. నిజమే, వంద రాళ్లు చూపిస్తే పెద్దవాళ్లకూ విసుగే. అందుకే మేము చెప్పేది మూడే మూడు విషయాలు.

మొదటిది, రెండు వైపులా చెక్కిన పలక. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. అందులో బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. అదే పలకను క్రీ.శ. 3వ శతాబ్దంలో తిరగేసి రెండోవైపు స్తూపం బొమ్మ చెక్కారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే పాత కోడ్ పారేయకుండా కొత్త వెర్షన్‌కి వాడుకోవడమన్నమాట. ద్వారం దగ్గర సింహాలు, వరుసగా అయిదు ఆయక స్తంభాలు, వెనక గుండ్రటి గుమ్మటం అన్నీ అందులో కనిపిస్తాయి. కూలిపోయిన స్తూపం ఎలా ఉండేదో ఆ స్తూపం రాయే మనకు చూపిస్తోంది. ఒక్క పలకలో మూడు వందల ఏళ్ల మార్పు కనబడుతుందంటే ఏ పిల్లవాడైనా వెనక్కి వెళ్లి రెండోవైపు తొంగిచూడకుండా ఉండడు.

రెండోది అక్షరాలు. శాసనాలున్న రాళ్ల మీద భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఇది తెలుగు అని పిల్లలకు అబద్ధం చెప్పనక్కరలేదు. మన లిపికి ముత్తాత ఈ లిపే అని చెబితే చాలు. బ్రాహ్మిలో 'క' అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. 'ఠ' గుండ్రటి సున్న. గుణింతాలు నేర్చిన పిల్లలకు ఒక కాగితం మీద పది బ్రాహ్మి అక్షరాలు రాసిచ్చి, రాయి మీద వెతకమనండి. ఆదివారం తరగతిలో పలక పట్టడానికి బద్ధకించే పిల్లలు కూడా వెతుకులాట అనేసరికి ముందుకు వస్తారు. అమరావతి శాసనాల్లోనే ఒకచోట 'నాగబు' అనే మాట ఉన్నదని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు. శాసనాల్లో దొరికిన తొలి తెలుగు మాట అదేనని ఎందరో పండితులు చెబుతారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆ వాదం సంగతి ఎలా ఉన్నా, మన మాట వయసు గురించి మాట్లాడాల్సి వస్తే అమరావతి పేరు రాక తప్పదు.

మూడోది మనుషులు. అంత స్తూపం ఏ రాజో కట్టించాడనుకుంటాం. కానీ ఆ శాసనాల్లో ఎక్కువగా కనిపించేది దాతల పేర్లు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక పలకో స్తంభమో ఇచ్చుకున్నారు. విధికుడు అనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చినట్టు ఒక శాసనం చెబుతోంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్రలో, అమరావతి శైలి ధర్మచక్రం నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే. రెండు వేల ఏళ్ల కిందట చెప్పులు కుట్టే ఒక మనిషి ఇంటిల్లిపాదితో కలిసి తన ఊరి కట్టడానికి ఒక రాయి ఇచ్చాడు. శనివారాలు, ఆదివారాలు పనులు మానుకుని బడి నడిపే మనకు ఇంతకంటే దగ్గరి బంధువు ఎవరు?

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇక్కడి బడుల్లో వారసత్వం మీద ప్రాజెక్టు చేయమంటే మన పిల్లలు అట్ట మీద తాజ్‌మహల్ అంటించుకుని వెళతారు. తాజ్‌మహల్ గొప్పదే. కానీ "మీ ఊరివాళ్లు ఏం కట్టారు?" అని ఎవరైనా అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. జవాబు లేని పిల్లవాడికి తెలుగు అంటే అమ్మ బలవంతం మీద నేర్చుకునే 56 అక్షరాలు మాత్రమే. హైస్కూలుకు రాగానే వాటిని వదిలేయడం అందుకే అంత తేలిక. ఒక పెద్ద మ్యూజియంలో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన జనం మధ్య, "ఇది మా తాతయ్య వాళ్ల జిల్లాది" అని ఒక్కసారి తన నోటితో చెప్పుకున్న పిల్లకు అదే తెలుగు ఇంకోలా వినిపిస్తుంది.

ఖర్చు గురించి భయం వద్దు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. వెళ్లేముందు ఆ గది తెరిచి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. అమెరికా పౌరులైన పిల్లలకు కూడా 2025 జనవరి నుంచి బ్రిటన్‌లో దిగడానికి ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి కావాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల నియమాలు వేరు, టికెట్లు కొనకముందే తెలుసుకోవడం మంచిది. ఇంకో పూట వీలైతే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమండల్ తీరపు కలంకారీ బట్టలున్నాయి. అదీ ఉచితమే. టవర్ ఆఫ్ లండన్‌లోని కోహినూరు మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటారు, దానికి మాత్రం టికెట్ కొనాలి. పారిస్ వెళ్లేవాళ్లకు గీమే మ్యూజియంలో కూడా అమరావతి శిల్పాలు కనిపిస్తాయి. అది చూశాక మోనాలిసా దగ్గర ఎంతసేపు నిలబడ్డా మాకు అభ్యంతరం లేదు.

హైదరాబాద్ చేరాక ప్రయాణం అయిపోయిందనుకోవద్దు. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో అమరావతి ఉంది. స్తూపం దిబ్బ, పక్కనే మ్యూజియం ఉన్నాయి. అమరావతి శిల్పాలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. లండన్‌లో రాయి చూసి, అది ఊడివచ్చిన నేలను అదే వేసవిలో చూసిన పిల్లలకు చరిత్ర పాఠం వేరే చెప్పనక్కరలేదు. ఈ ఏడు ఎక్కడికీ వెళ్లనివాళ్లు మన సరస్సు అవతల వాలంటీర్ పార్కులో ఉన్న సియాటిల్ ఏషియన్ ఆర్ట్ మ్యూజియంతో మొదలుపెట్టవచ్చు. మ్యూజియంలో ఎలా నడవాలో, దేని ముందు ఎందుకు ఆగాలో అక్కడే అలవాటవుతుంది.

బడి తరఫున చేయగలిగింది కూడా ఉంది. వారానికి రెండు గంటల బడి, అందులో ఒత్తులకే సమయం చాలదు అని తోటి టీచర్లు అంటారు. ఒప్పుకుంటాం. మేము అడిగేది ఏడాది మొత్తంలో ఒక్క వారం. సెలవులకు ముందు చివరి తరగతిలో అమరావతి పాఠం పెడదాం. ఒక పేజీ కథ, పది బ్రాహ్మి అక్షరాలు, చూడవలసిన మూడింటి బొమ్మలు ఉన్న కాగితం ప్రతి పిల్లవాడి చేతిలో పెడదాం. సెప్టెంబరులో బడి తెరిచాక, చూసొచ్చినవాళ్లు చూడనివాళ్లకు తెలుగులో చెప్పాలి. నాలుగు వాక్యాలు చాలు, తప్పులున్నా ఫరవాలేదు.

ఈ వేసవికి టికెట్లు కొంటున్న అమ్మానాన్నలకు మా మనవి ఇదే. లండన్‌లో ఆగితే ఒక్క గంట 33ఎ గదికి కేటాయించండి. ఆ రాళ్ల ముందు నిలబడి, గొంతు తగ్గించకుండా, మీ పిల్లలతో తెలుగులో మాట్లాడండి.