తుపాకి వద్దన్నోళ్లు కాపలా పెట్టాలె కదా!

2011ల అమెరికాల, మిషిగన్ రాష్ట్రం బెంటన్ టౌన్‌షిప్‌ల ఉన్న వాల్‌గ్రీన్స్ మందుల షాపుల తెల్లారగట్ల దొంగలు జొర్రిన్రు. లైసెన్స్ తుపాకి జేబుల దాసుకున్న ఫార్మసిస్ట్ కాల్చిండు. ఎవ్వలికీ తాకలే. రూల్ తప్పినవని కంపెనీ ఆయన్ను తీసేసింది. 2014ల అప్పీలు కోర్టు సుత కంపెనీ దిక్కే తీర్పిచ్చింది.

రూల్‌ను నేను తప్పువట్ట. కౌంటర్ కాడ తూటా పేలితే గిరాకీకీ తాకొచ్చు. కానీ రూల్ రాసుడుకు పైస ఖర్చు లేదు, గార్డుకూ గట్టి అద్దాలకూ ఉంటది. ఆ ఖర్చు తప్పించుకునే ఓనర్లు ముప్పును జీతగాళ్ల నెత్తిన వెడుతున్నరు.

అక్కడి పెట్రోల్ బంకులల్ల మన పోరగాళ్లు సుత నైట్ డ్యూటీలు చేస్తున్నరు. స్టూడెంట్ వీసా మీదున్నోళ్లకు, వేట లైసెన్స్ లాంటిది లేకుంటే, తుపాకి ఉంచుకునుడే నేరం. అసొంటోళ్లను రాత్రంత ఒక్కణ్ని కూసోవెట్టుడు ముందుగాల బంద్ జెయ్యాలె.