ఉష్ణోదకము, ఉష్ణతీర్థము ఒకటియేనా?

ఉష్ణగుండాలలో స్నానం చేసినచో కీళ్లనొప్పులు, చర్మవ్యాధులు తొలగునని, ఇది ఆయుర్వేదసమ్మతమని తరచు వినుచున్నాము. స్థలమాహాత్మ్య పుస్తకాలలోను, యాత్రాప్రచార పత్రాలలోను ఈ మాట ప్రమాణవాక్యం వలె కనిపించుచున్నది. ఇందులో తీర్థఫలం, స్వేదచికిత్స, ఆధునిక వైద్యానుభవం అను మూడు వేరు విషయాలు కలగలిసిపోయినవి. వీటిని విడదీసి చూపవలసిన బాధ్యత సంస్కృతాంధ్రాలు బోధించు మనదేనని నా అభిప్రాయం.

విజయవాడ వన్ టౌన్‌లో దుర్గాఘాట్‌కు వచ్చు యాత్రికునికి తెలిసినది చల్లని కృష్ణాజలమే. డెల్టా ఒండ్రునేలలో పేరొందిన ఉష్ణగుండం లేదు. దానిని చూడదలచినవారు గోదావరీతీరానికి పోవలసినదే. భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని గుండాల వద్ద ఏటి ఒడ్డున చెలమ తీసినచో వేడినీరు ఊరును. చలికాలంలో త్రిమూర్తులు ఇచట స్నానమాడిరని ఐతిహ్యం. 2014 రాష్ట్రవిభజనతో ఈ గ్రామం ఆంధ్రప్రదేశ్‌లోనికి వచ్చినది. బరంపురం ప్రాంతపు తెలుగువారికి గంజాం జిల్లాలోని తప్తపాణి ఇట్టిదే. అచట గంధకపు ఊట, దేవతాసన్నిధి రెండును కలవు.

ఈ వేడికి కారణం సుబోధమే. వాననీరు భూమి పగుళ్ల వెంట లోతునకు దిగి, అచటి వేడిని గ్రహించి తిరిగి పైకి వచ్చును. సాధారణంగా కిలోమీటరు లోతునకు 25 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు వంతున వేడి పెరుగును. గోదావరి లోయలో ఇట్టి పగుళ్లు విస్తారం. మణుగూరు చెంత పగిడేరులో సింగరేణి సంస్థ ఈ భూతాపంతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్కేంద్రాన్ని నెలకొల్పినది. మహానంది నీరు ఈ కోవలోనిది కాదు. అది చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా తోచుటకు గాలి వేడిమిలోని మార్పే హేతువు. ఊటనీటి వేడిమి దాదాపు స్థిరం.

ఇక శాస్త్రవిచారం. నిప్పుతో కాచిన నీటి స్నానం వలన దేహశుద్ధియే కలుగును గాని స్నానఫలం దక్కదని శంఖుని పేర ఒక స్మృతివచనం కలదు. ఇందులో ‘వహ్నితప్త’ అను విశేషణం ముఖ్యమైనది. స్వభావంచేతనే ఉష్ణమైన ఊటకు ఈ నిషేధం వర్తించదని దీనినుండి ఊహింపవచ్చును. బదరీనాథ్‌లో యాత్రికులు తప్తకుండంలో స్నానం చేసి దర్శనానికి పోవు ఆచారం ఈ ఊహకు అనుకూలం. అయితే ఇది పుణ్యాన్ని గూర్చిన నిర్ణయం. రోగనివారణను గూర్చినది కాదు.

ఆయుర్వేదం మాట వేరు. సుశ్రుతుడు భౌమజలాన్ని కౌపం, నాదేయం, ఔద్భిదం మొదలుగా ఏడు విధాలుగా విభజించినాడు. ఆ గణనలో ఉష్ణనిర్ఝరానికి ప్రత్యేకస్థానం లేదు. ఉష్ణోదకగుణాలను వర్ణించు సందర్భంలో ప్రధానంగా ఉద్దేశింపబడినది కాచిన నీరే. ఆ గుణాలన్నిటిని భూగర్భజలానికి ఆరోపించుట పదసామ్యాన్ని వస్తుసామ్యంగా భ్రమించుటయే. చరకుడు సూత్రస్థానం 14వ అధ్యాయంలో చెప్పిన 13 అగ్నిస్వేదాలలో అవగాహస్వేదం మాత్రం గుండస్నానానికి సమీపమైనది. వాతహర కషాయం, పాలు, తైలం, వేడినీరు మున్నగువానితో నింపిన తొట్టిలో మునుగుట దాని స్వరూపం. కనుక శాస్త్రాధారం బొత్తిగా లేదనుటయు సరికాదు.

కాని ఆ అధ్యాయాన్ని ఆధారంగా చూపువారు దానిని తుదివరకు చదువవలెను. గర్భిణి, మధుమేహి, దుర్బలుడు, అలసినవాడు, ఆకలిదప్పులతో ఉన్నవాడు స్వేదానికి అనర్హులని చరకుడు స్పష్టంగా చెప్పినాడు. స్వేదం మితిమీరినచో మూర్ఛ, దప్పిక, దాహం కలుగునని హెచ్చరించినాడు. మన యాత్రికుని స్థితి ఎట్టిది? రాత్రి అంతయు రైలులోనో బస్సులోనో ప్రయాణం, తెల్లవారి ఉపవాసం, వెంటనే గుండస్నానం. వయోవృద్ధులలో మధుమేహం నేడు సర్వసాధారణం. పాదాలలో స్పర్శ తగ్గినవానికి నీరు కాల్చుచున్నదని తెలియకపోవచ్చును. శాస్త్రం వద్దన్న స్థితిలోనే శాస్త్రం పేరు చెప్పి అతనిని నీటిలోనికి దింపుచున్నాము.

వాగ్భటుడు అష్టాంగహృదయ దినచర్యాధ్యాయంలో మరొక నియమం చేసినాడు. వేడినీరు అధఃకాయానికి బలకరం. శిరస్సుపై పోసికొన్నచో కేశాలకు, నేత్రాలకు హానికరం. వెచ్చని మంచినీటిలో పెరుగు నేగ్లేరియా ఫౌలెరి అను సూక్ష్మజీవి ముక్కు ద్వారా మెదడునకు చేరి, అరుదుగానే అయినను, ప్రాణం తీయగలదు. కనుక ఇట్టి నీటిలో తల ముంచవద్దని నేటి వైద్యులును చెప్పుచున్నారు. రెండు ఉపదేశాలు కలిసినంత మాత్రాన వాగ్భటునికి సూక్ష్మజీవి తెలుసుననుట అనుచితం. హేతువులు వేరు, ఆచరణ ఒకటి. అంతవరకు చెప్పుటయే పాండిత్యధర్మం.

వేడినీటిలో కండరాలు సడలును. నీటి ఉత్ప్లవనం వలన కీళ్లపై భారం తగ్గును. దీనివలన ఉపశమనం, విశ్రాంతి లభించుట నిజమే. అది వ్యాధినిర్మూలనం మాత్రం కాదు.

ఇట్టి విమర్శ భక్తులకు శ్రద్ధాభంగం కలిగించునని కొందరు శంకింపవచ్చును. తీర్థశ్రద్ధకు వైద్యప్రమాణం ఊతగా అక్కరలేదు. గుండాల ఐతిహ్యం ఔషధవాదం లేకయే నిలువగలదు. స్థలమాహాత్మ్యాలకు పీఠికలు వ్రాయుమని మన కళాశాలల పండితులనే కోరుచుందురు. ఇకమీదట అట్టి పీఠికలలో ‘సర్వరోగహరం’ అని వ్రాయుటకు ముందు చరకుడు చెప్పిన అనర్హుల జాబితాను కూడ తెలుగులో చేర్చుదుము గాక. ఒక్క వృద్ధుడు ఆ పంక్తి చదివి, కొంత విశ్రమించి, ఆహారం తీసికొని, వైద్యుని అడిగిన తరువాతనే నీటిలో దిగినను మన శాస్త్రపఠనం సార్థకమే.