జనం లేని చోటు, ఎలుగు రాని చోటు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రాన సియెరా నెవాడా పర్వతాలలో, వీపున సంచి వేసుకొని రోజుల తరబడి నడిచే యాత్రికులకు రెండు చింతలు ఉంటాయి. ఏకాంతం కోరి వెళ్ళిన చోట గుడారాల వరుసలు ఎదురుకావడం ఒకటి. రాత్రివేళ ఎలుగుబంటి వచ్చి ఆహారపు మూటను ఎత్తుకొనిపోవడం రెండవది. చాలామంది వీటిని వేరువేరు సమస్యలుగా భావిస్తారు. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే.

ఆ కొండలలో నేడు ఉన్నది నల్ల ఎలుగు మాత్రమే. పేరుకు నల్లనిదే కాని చాలావాటి ఒళ్ళు గోధుమ రంగులో ఉంటుంది. అంతకంటె భీకరమైన గ్రిజ్లీ జాతి 1920 దశకంలోనే ఆ రాష్ట్రంలో అంతరించినది. దక్కను కొండల ఎలుగు, మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. సియెరా ఎలుగు దృష్టి సాధారణంగా మనిషి మోసుకొచ్చిన సంచి మీదనే ఉంటుంది. యోసెమిటీ జాతీయోద్యానంలో నల్ల ఎలుగు వల్ల మనిషి మరణించిన దాఖలా లేదు. అయినా 1998లో, ఒక్క ఏడాదిలోనే, అక్కడ సుమారు 1,600 ఎలుగు సంఘటనలు నమోదయ్యాయి. ఆహారం కోసం కార్లను విరగగొట్టినవే వాటిలో ఎక్కువ.

ఎలుగు జ్ఞాపకశక్తి గొప్పది. ఒక మజిలీలో ఒకసారి రొట్టె దొరికితే మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుంది. తల్లి వెంట తిరిగే పిల్లలకూ ఆ విద్య అబ్బుతుంది. చెట్టుకొమ్మకు తాడుతో వేలాడదీసిన మూటలను దింపడం కూడా అవి నేర్చుకొన్నాయి. కనుక రోజూ జనం విడిది చేసే చోటనే వాటి రాకపోకలు అధికం. జనసమ్మర్దాన్ని తప్పించుకొన్నవారు ఎలుగు బాధను కూడా చాలావరకు తప్పించుకొన్నట్లే.

అటువంటి చోటును ఎంచుకోవడం ఎట్లా? యోసెమిటీ వైశాల్యం సుమారు 3,000 చదరపు కిలోమీటర్లు. సందర్శకులలో అత్యధికులు చేరేది మాత్రం 12 కిలోమీటర్ల పొడవున్న ఒక్క లోయకు. పటం పరచి చూసేవారు హాఫ్ డోమ్ శిఖరానికి పోయే దారినీ, మౌంట్ విట్నీ వరకు సుమారు 340 కిలోమీటర్లు సాగే జాన్ మ్యూర్ బాటనూ మొదట విడిచిపెట్టాలి. తరువాత, కారు దిగిన చోటునుండి ఒక్కపూట నడకలో అందే సరస్సులను కొట్టివేయాలి. రాత్రి బసకు అనుమతి పత్రాలు ఒక్కొక్క దారికి రోజుకు ఇంతమందికని పరిమితంగా ఇస్తారు. ఆఖరువరకు అనుమతులు మిగిలి ఉన్న దారి జనం తక్కువగా నడిచే దారి అని గ్రహించవచ్చు. వారం మధ్యలో బయలుదేరడం మరొక ఉపాయం. చెట్లు పెరగని ఎత్తులలో ఎలుగుకు మేత తక్కువ. కాని అక్కడ చలి, పిడుగుల భయం ఎక్కువ. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినం దాటితే జనం పలచబడతారు. అయితే శీతకాలపు నిద్రకు ముందు ఎలుగు విపరీతంగా తినే కాలమూ అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఏకాంతం కోసం అందరూ కొత్త చోట్లకు పోయి అజాగ్రత్తగా ఉంటే, అక్కడి ఎలుగులకూ మనుషుల తిండి రుచి తెలుస్తుంది. నేటి నిర్జన ప్రదేశం రేపటి ఎలుగుల మజిలీ అవుతుంది. అందుచేతనే యోసెమిటీ అరణ్యంలో రాత్రి గడిపేవారు, ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో ఆహారం ఉంచుకోవడం తప్పనిసరి చేశారు. సబ్బు, పళ్ళపేస్టు వంటి వాసన గల వస్తువులు కూడా అందులోనే ఉండాలి. మూత బిగించి గుడారానికి సుమారు 30 మీటర్ల దూరాన, కొండ అంచుకూ నీటికీ ఎడంగా పెట్టాలి. ఈ డబ్బాలు, మజిలీలలోని ఇనుప పెట్టెలు, ప్రచారం, కాపలా వల్ల 1998 తరువాతి కాలంలో సంఘటనలు తొంభై శాతానికి పైగా తగ్గాయి.

మూట పోగొట్టుకొన్న యాత్రికుడు రెండు పూటలు పస్తుండి ఇల్లు చేరుతాడు. ఆ తిండికి మరిగి, మనిషి భయం విడిచి, గుడారాలపైకి రావడం నేర్చిన ఎలుగును మాత్రం చివరకు అధికారులు చంపవలసివస్తుంది. చోటు ఎంపికలో వివేకం యాత్రికునికి మేలు; డబ్బా మూత బిగించడంలో శ్రద్ధ ఎలుగుకు ప్రాణం.